దుమ్మును లెక్కపెట్టే పెట్టె

ఆ పెట్టెను మొదటిసారి చూసినప్పుడు నాకు కలిగింది ఆశ్చర్యం కాదు, కడుపుమంట. ఇరవై ఏళ్లు ఊరూరా తిరిగి శాస్త్రం గురించి గొంతు చించుకున్నవాడికి ఒక శాస్త్ర పరికరం కనబడితే సంతోషం కలగాలి. నాకు కలగలేదు. అది నా చేతిలో లేదు. నాకన్నా రెండేళ్లు చిన్నవాడు, ఒకప్పుడు నా పక్కన నిలబడి నా ఉపన్యాసం ఎప్పుడు ముగుస్తుందా అని ఓపికగా ఎదురుచూసినవాడు, వాడి చేతిలో ఉంది.

అసూయను మనవాళ్లు దిష్టి అంటారు. దిష్టి లేదని నేను ఎన్నో ఊళ్లలో వాదించాను. ఒకడి కంటిచూపుకు ఇంకొకడి పాడిగేదె ఎండిపోదు, ఒకడి కడుపులో మంట గోడ దూకి పక్కింటిని కాల్చదు అని బల్ల గుద్ది చెప్పాను. ఇప్పటికీ అదే చెబుతాను. చూపు ఏమీ చేయదు. కానీ అసూయపడ్డ మనిషికి కాళ్లూ చేతులూ ఉంటాయి, నోరు ఉంటుంది, ఆ నోటిని సమయం చూసి మూసుకునే తెలివి ఉంటుంది. ఈ ముక్క నా వాదనల్లో ఎప్పుడూ చెప్పలేదు. దాన్ని నా మీద పెట్టి చూసుకునే అవసరం అప్పటికి రాలేదు.

మా ఇద్దరివీ చేవెళ్ల చుట్టుపక్కల ఊళ్లే. కాలేజీ రోజుల్లో ఒక సంస్కరణ సంఘంలో చేరాం. అప్పట్లో మా వైపు బాణామతి అనే చేతబడి భయం బాగా ఉండేది. ఎవరికి జ్వరమొచ్చినా, ఎవరి గొడ్డు చచ్చినా, ఎవరో ఒక ఒంటరి ముసలమ్మ మీదికి వేలు పోయేది. మేము షాబాద్ దాకా సైకిళ్ల మీద పోయి సభలు పెట్టేవాళ్లం. నేను మాట్లాడేవాణ్ని. వాడు చేసి చూపించేవాడు: మరుగుతున్న నూనెలోంచి వడను చేత్తో తీయడం, నాలుక మీద కర్పూరం వెలిగించడం, నిమ్మకాయలోంచి రక్తం కారించడం. నా ఉపన్యాసం గంట. వాడి పని పది నిమిషాలు. మర్నాడు ఊళ్లో వాళ్లు చెప్పుకునేది ఆ పది నిమిషాల గురించే. ఆ రోజుల్లోనే నాకు లోపల ఎక్కడో చురుక్కుమనేది. ఉద్యమం కోసమే కదా అని సర్ది చెప్పుకునేవాణ్ని.

మా సంఘంలో ఒక పద్ధతి ఉండేది. సభలో ఎవరైనా 'ఫలానా చోట దయ్యం కనబడ్డది' అంటే, 'నువ్వు చూసినవా, విన్నవా?' అని అడగాలి. విన్నానంటే మర్యాదగా కూర్చోబెట్టాలి. చూశానంటే లేపి నిలబెట్టి, అందరి ముందూ మొదటినుంచి చివరిదాకా చెప్పించాలి. ఎంత పెద్దమనిషైనా సరే, చూసినవాడు కూర్చుని ఉండడానికి వీల్లేదు. ఆ నియమం రాసింది నేనే. దాన్ని గురించి గర్వపడేవాణ్ని కూడా.

తర్వాత దారులు వేరయ్యాయి. నేను బీఎస్సీ చేసి ప్రభుత్వ బడిలో సైన్సు మాస్టరునయ్యాను. వాడు పాలిటెక్నిక్ చేసి పరికరాలు బాగుచేసే పనిలో చేరాడు. ఇంతలో హైదరాబాదు మా వైపుకు నడిచి రావడం మొదలుపెట్టింది. మొయినాబాద్ రోడ్డు వెంట ప్లాట్ల బోర్డులు, ఫాంహౌసుల గేట్లు, ఇంజనీరింగ్ కాలేజీల పసుపు బస్సులు. కంప్యూటర్ కంపెనీలతో పాటు మందుల కంపెనీలు కూడా పెరిగాయి. వాటిలో సూదిమందు తయారుచేసే గదుల్లోకి దుమ్ము కణం పోకూడదట. పోయిందో లేదో కొలవడానికి ఒక యంత్రం, ఆ యంత్రాన్ని కొలవడానికి ఒక మనిషి. ఆ మనిషి వీడు. నడుముకు సెల్‌ఫోను, ఇంటి ముందు తెల్ల కారు. నా ఇంటి ముందు అదే సైకిలు.

ఒక ఆదివారం మా ఇంటికి వచ్చి, ఆ పెట్టెను బల్ల మీద పెట్టాడు. నాలుగు గిన్నెల టిఫిన్ క్యారియర్ అంత ఉంది. పైన ఒక సన్నని గొట్టం, పక్కన బస్సు టికెట్టు లాంటి చీటీ వచ్చే చీలిక. నా భార్య వంటింట్లోంచి వచ్చి చెంగుతో చేతులు తుడుచుకుంటూ నిలబడింది.

"ఇదేం జేస్తది?" అని అడిగింది.

"వదినా, కిటికీల నుంచి ఎండ లోపలికి పడ్డప్పుడు దుమ్ము మెరుస్తది కదా, గదే ఇది. ఎండ బదులు లోపల లేజరు లైటు. నీ కన్ను బదులు పక్కన ఒక చిన్న బిళ్ల. ఇగో, ఈ గొట్టంల నుంచి గాలిని గుంజుతది. దుమ్ము కణాలు రేషన్ షాపు కాడ లైను కట్టినట్టు ఒక్కొక్కటే లైటును దాటి పోవాలె. దాటినప్పుడల్లా తళుక్కుమంటది. పెద్దదైతే పెద్ద తళుకు, చిన్నదైతే చిన్న తళుకు. ఆ బిళ్ల తళుకులు లెక్కపెడ్తది. పెద్దయి ఎన్ని, చిన్నయి ఎన్ని, అంతే."

"అంతేనా?"

"అంతే వదినా. నీ వెంట్రుకను అడ్డంగ నూరు ముక్కలు చేస్తే ఒక ముక్క ఎంత ఉంటదో, గంత చిన్నదాన్ని గూడ దొరకవడ్తది."

ఆమె ముఖం వెలిగింది. కాంతి పరిక్షేపణం అనే పాఠాన్ని పదిహేనేళ్లుగా చెబుతున్నాను నేను. ఆ మాటను నల్లబల్ల మీద రాసి కింద గీత కూడా గీస్తాను. నా భార్య ఒక్కసారి కూడా ఆకాశం ఎందుకు నీలంగా ఉంటుందని నన్ను అడగలేదు. ఆ రోజు మాత్రం వాణ్ని మూడు ప్రశ్నలు అడిగి, రెండోసారి చాయ్ పెట్టింది.

నా దగ్గర కూడా లేజరు ఉండేది. కోఠీ ఫుట్‌పాత్ మీద కొన్న తాళాల గుత్తి లైటు. క్లాసులో కిటికీలు మూసి, రెండు డస్టర్లు కొట్టి సుద్దపొడి లేపి, దానిలోకి ఎర్రలైటు వేసేవాణ్ని. గాల్లో ఎర్రటి దారం ప్రత్యక్షమయ్యేది. పిల్లలు కేకలు పెట్టేవాళ్లు. ఆ కేకలే నా సంపద. వాడి పెట్టె చూశాక నా లైటు తిరునాళ్లలో అమ్మే బుడగలాగా అనిపించింది. రెండింటిలో ఉన్న శాస్త్రం ఒక్కటేనని నాకు తెలుసు. తెలిసినందువల్ల మంట తగ్గలేదు. పెరిగింది.

ఇక బడి సంగతి. నేను పనిచేసే బడి ఆలూరు దాటాక ఒక చిన్న ఊళ్లో ఉంది. బడి వెనక రెండు మెట్ట చెల్కల అవతల రాళ్లు పిండి చేసే క్రషర్ వచ్చింది. మాదాపూర్‌లో అద్దాల మేడలు లేస్తుంటే వాటికి కంకర కావాలి. కంకర లారీల్లో అటు పోయేది, దుమ్ము మాకు ఉండిపోయేది. సాయంత్రానికి పిల్లల కనురెప్పలు తెల్లబడేవి. ఎనిమిదో తరగతి గదిలో దగ్గు ఆగేది కాదు. ఆ దగ్గేవాళ్లలో ఒకమ్మాయి మా బడిలో మధ్యాహ్న భోజనం వండే అవ్వకు మనవరాలు. పిల్లకు గాలి సోకిందని అవ్వ తాయెత్తు కట్టించింది. "అవ్వా, సోకింది దయ్యం కాదు, రాతిపొడి" అని నేను తాయెత్తు విప్పించి దవాఖానకు పంపాను. మందు వాడినన్ని రోజులు తగ్గి, మళ్లీ బడికి రాగానే దగ్గు మొదలయ్యేది.

"బడి నడిసేటప్పుడు ఆ మిషిని బంద్ పెట్టియ్యు సారూ. గంతే సాలు నాకు" అని అవ్వ నన్ను అడిగింది. ఊరంతా అడిగింది అదే. నేను అర్జీ మీద అర్జీ రాశాను. మంచి తెలుగులో, గట్టి వాదనతో, మూడేసి పేజీలు. ఎమ్మార్వో చివరికి విసుగుతో అన్నాడు: "సార్, దుమ్మున్నదని మీరంటరు, లేదని ఆయనంటడు. మీ వ్యాసాలు చదివి నేను ఆర్డరు ఎట్ల రాస్త? క్రషర్ బందున్నప్పుడు ఎంత, నడిసినప్పుడు ఎంత, అది చూపెట్టుండ్రి. నేనే వచ్చి చూస్త."

సర్పంచి నా భుజం తట్టాడు. "మీ దోస్తు ఉన్నడు గద సార్, పెట్టెల సారు. పిలువుండ్రి."

నేను ఫోన్ చేసి పిలిచాను. వాడు వెంటనే ఒప్పుకుని, శనివారం వస్తానన్నాడు. ముందురోజు సాయంత్రం మళ్లీ ఫోన్ చేసి జాగ్రత్తలు చెప్పాడు. "అన్నా, పొద్దుగాల ఏడింటికి క్రషర్ షురూ గాక ముందు ఒకపారి తీస్త. పదింటికి అది నడిసేటప్పుడు ఇంకొకపారి. రెండింటికి తేడా చూపెడ్దాం. గని పొద్దుగాల బడికాడ ఎవ్వరు ఊడ్వొద్దు, సానుపు జల్లొద్దు, బీడి తాగొద్దు, పొయ్యి ముట్టియ్యొద్దు. చిన్న పొగ గూడ దీనికి పెద్దగ కనిపిస్తది. జర నువ్వే చూడాలె."

నువ్వే చూడాలె. ఆ బాధ్యత వాడు నా మీద పెట్టాడు. నేను ఇంటింటికీ చెప్పాను. ఊడవద్దు, కల్లాపి చల్లవద్దు, బీడీ వద్దు, పొయ్యి వద్దు. అందరూ తలూపారు.

శనివారం పొద్దున ఏడుకు ముందే ఊరంతా బడి గేటు దగ్గర పోగైంది. వాడు వరండా అంచున బల్ల వేయించి పెట్టె పెట్టాడు. గొట్టానికి ఒక తెల్లటి మూత బిగించి, "చూడుండ్రి, గాలిని వడగడ్తే సున్న రావాలె. సున్న రాకుంటే నా పెట్టె దొంగది" అన్నాడు. సున్నా వచ్చింది. జనం చప్పట్లు కొట్టారు. సున్నాకు చప్పట్లు! సర్పంచి అందరికీ వినబడేలా అన్నాడు: "మా సారు ఇన్నేండ్ల సంది చెప్తనే ఉన్నడు గని, నిజం జెప్పాల్నంటే ఈ పెట్టె వచ్చినంకనే మాకు నమ్మిక కుదిరింది."

ఆయన చెడ్డగా అనలేదు. నన్ను చూసి నవ్వుతూనే అన్నాడు. నేనూ నవ్వాను. నా చెవులు మాత్రం కాలాయి.

మూత తీసి, ఐదు నిమిషాల తర్వాత దానంతట అదే మొదలయ్యేలా పెట్టెను సరిచేశాడు. మనిషి బట్టల నుంచి కూడా దుమ్ము రాలుతుందట, అందుకని దగ్గర ఎవరూ ఉండకూడదు. అందరినీ గేటు బయట గోడ చాటుకు తీసుకుపోయాడు. "అన్నా, నువ్వు ఆ కొసకు నిలబడి చూస్తుండు, ఎవ్వర్ని రానియ్యకు" అన్నాడు. వరండా రెండో చివర నేనొక్కణ్నే మిగిలాను.

అప్పుడు వంటగది వెనక నుంచి అవ్వ వచ్చింది. ఆమె ఊడవలేదు, సానుపు చల్లలేదు, పొయ్యి ముట్టించలేదు. చెప్పినవన్నీ పాటించింది. ఆమె చేతిలో కుంకుమ, ఒక మట్టిముద్ద, దాంట్లో గుచ్చిన నాలుగు ఊదుబత్తీలు ఉన్నాయి. మా వైపు కొత్త ట్రాక్టరైనా, కుట్టుమిషనైనా, బోరు మోటారైనా బొట్టు పెట్టకుండా నడపరు. పెట్టెకు బొట్టు పెట్టాలంటే జంకి, బల్ల కాలికి పెట్టింది. ఊదుబత్తీలు వెలిగించి బల్ల కిందికి జరిపింది. చేతులు జోడించి కళ్లు మూసుకుని ఏదో అనుకుంది. ఏం మొక్కుకుందో నాకు తెలుసు. నన్ను గమనించకుండానే వచ్చిన దారిన వెళ్లిపోయింది. బీడీది పొగ, పొయ్యిది పొగ. ఊదుబత్తిది పొగ అని ఆ ఊళ్లో ఎవరికీ తట్టదు. అది పూజ.

పొగ సన్నగా లేచి, బల్ల అంచు చుట్టి, గొట్టం వైపు పోయింది. నేను చూశాను.

సభా వేదికల మీద నుంచి నేను ఎన్ని ఊదుబత్తీలు పీకి పారేశానో లెక్క లేదు. దీపం వెలిగించి సభ మొదలుపెడదామన్న పెద్దమనుషులతో పోట్లాడినవాణ్ని. ఆ రోజు పది అడుగులు వేస్తే చాలు. ఒక కేక వేసినా చాలు. ఇంకా నిమిషంన్నర సమయముంది. నేను కదలలేదు. నేను ఆలోచించుకోలేదని, అయోమయంలో పడ్డానని చెప్పుకుంటే బాగుంటుంది, కానీ అది అబద్ధం. చాలా స్పష్టంగా ఆలోచించాను. ఈ పెట్టె తప్పు చెబుతుంది. పెట్టె తప్పు చెప్పాక వీళ్లంతా మళ్లీ నా మాట వింటారు. అప్పుడు నేను లేచి, యంత్రాన్ని గుడ్డిగా నమ్మడం కూడా మూఢనమ్మకమే అని మాట్లాడతాను. ఆ ఉపన్యాసం మొదటి వాక్యం కూడా తయారైపోయింది. ఎనిమిదో తరగతి గది నా ఎదురుగానే ఉంది. దాని వైపు చూడలేదు.

పెట్టె గుర్రుమంది. మూడు సార్లు, నిమిషం చొప్పున గాలి పీల్చి చీటీలు వదిలింది. వాడు గేటులోంచి రాకముందే నేను బల్ల దగ్గరికి నడిచాను. మట్టిముద్దను తీసి ప్రహరీ గోడ అవతలికి విసిరాను. ఇది మౌనం కాదు, పని. ఇంతవరకూ నన్ను నేను సమర్థించుకోవడానికి ఏదైనా దొరికితే, ఇక్కడితో అదీ పోయింది.

వాడు వచ్చి ముక్కు ఎగబీల్చాడు. "ఏదో వాసనొస్తున్నది అన్నా."

"ఊళ్లె పూజల వేళ కదా తమ్మీ" అన్నాను. ఎమ్మార్వో ముందే చూద్దామని వాడు చీటీలను మడిచి జేబులో పెట్టుకున్నాడు.

పదింటికి ఎమ్మార్వో జీపులో వచ్చాడు. క్రషర్ యజమాని కూడా వచ్చాడు, తెల్లబట్టలు వేసుకుని. వెనక క్రషర్ గరగరలాడుతోంది. రెండోసారి గాలి తీశారు. వాడు పొద్దుటి చీటీలూ ఇప్పటివీ పక్కపక్కన పెట్టి మొత్తాలు చదివాడు. చదువుతూనే గొంతు తగ్గింది. పొద్దుటి మొత్తమే ఎక్కువ.

క్రషర్ యజమాని పెద్దగా నవ్వాడు. "అంటే నా మిషిను నడిస్తెనే గాలి సాఫైతున్నదన్నట్టు! సార్, ఇంకో రెండు పెట్టియ్యాల్నా ఊరికి?"

జనం కూడా నవ్వారు. ఎమ్మార్వో కలం మూత పెట్టాడు. నిజం చెప్పాలి: ఆ క్షణంలో నాకు చల్లగా అనిపించింది. వాడు పదిమంది ముందు తడబడడం నేను మొదటిసారి చూస్తున్నాను. ఎండాకాలం కుండనీళ్లు గొంతు దిగినట్టు ఉంది.

వాడు చీటీని వేలితో నొక్కిపట్టి ఇంకా చూస్తున్నాడు. "ఒక్క నిమిషం సార్. మొత్తం చూడొద్దు, వరుసలు చూడుండ్రి. ఇది చిన్న కణాల వరుస, ఇది పెద్ద కణాలది. పొద్దుగాల చిన్నయే కుప్పలు కుప్పలున్నయ్, పెద్దయి లేవు. ఇప్పుడు పెద్దయి లేచినయ్. పెద్దయి రాళ్లపొడి. గా చిన్నయి పొగవి. పొద్దుగాల ఈడ ఏదో పొగ ఉండె."

"ఏం పొగ?" అన్నాడు ఎమ్మార్వో.

"అది నాకు తెల్వది సార్."

"నీకు తెల్వకపోతే నేనేం రాసుకోవాలె?"

"ఓడిపోయినంక పొగంటున్నడు" అన్నాడు క్రషర్ యజమాని. "రేపు మంచు అంటడు."

అప్పుడు అవ్వ జనంలోంచి ముందుకు వచ్చింది. "నేనే సారూ. పెట్టెకు మంచిగ జరగాలని ఊదుబత్తీలు ముట్టిచ్చిన. బల్ల కింద పెట్టిన. అది పొగ కిందికి వస్తదని నాకు తెల్వదు."

"ముసల్దానా, నీ ఊదుబత్తీలు పాడుగాను!" అన్నాడు సర్పంచి.

క్రషర్ యజమాని వంగి బల్ల కింద చూశాడు. "ఏవి? ఏడున్నయ్? బల్లకు బొట్టున్నది గని, బూడిద గూడ లేదు. ఎవలో నేర్పిచ్చిండ్రు ముసల్దానికి."

"ఒట్టు సారూ, నా మనవరాలి మీద ఒట్టు. ఈన్నే పెట్టిన."

"పెడ్తే ఏమైనయ్? రెక్కలొచ్చి ఎగిరిపోయినయా?"

మళ్లీ నవ్వులు. ఎవరో ఆమె రెక్క పట్టుకుని వెనక్కి లాగారు. "నడువ్, పెద్దమనుషుల నడుమ నీకేం పని" అన్నారు. ఆమె కదలకుండా బల్ల కిందికే చూస్తోంది. తన కళ్లను తానే నమ్మలేనట్టు చూస్తోంది. ఊరి మధ్యలో ఒక ముసలామె, చుట్టూ జనం, రుజువు చూపించమని అరుపులు. ఇలాంటి వలయాల్లోకి మేమిద్దరం సైకిళ్లు పారేసి పరుగెత్తిన రోజులున్నాయి. అప్పుడు రుజువు లేని నింద మోపేది ఊరు. ఇప్పుడు రుజువును గోడ అవతల పారేసింది నేను.

"ఎవరన్న చూసిన్రా?" అని అడిగాడు ఎమ్మార్వో, జీపు వైపు తిరుగుతూ.

నేను బెంచీ మీద కూర్చుని ఉన్నాను. చూసినవాడు కూర్చుని ఉండడానికి వీల్లేదు. లేవడానికి నాకు చాలాసేపు పట్టింది. ఎంతసేపో నాకు తెలియదు, నాకు మాత్రం గంట ఉపన్యాసం అంత అనిపించింది. ఆ లోపల నా బుద్ధి ఇంకా వాదిస్తూనే ఉంది: లేస్తే నీ పరువు పోతుంది, ఇక ఈ మండలంలో నీ మాటకు విలువ ఉండదు, పిల్లల కోసమైతే ఇంకో అర్జీ రాయవచ్చు, గట్టిగా రాయవచ్చు. ఇన్నేళ్లలో నేను విన్న వాదనల్లో ఇంత చక్కగా కుదిరిన వాదన లేదు. జీపు తలుపు తెరుచుకున్న చప్పుడయింది.

"నేను చూసిన" అన్నాను లేచి నిలబడి. వేదికల మీద ఎప్పుడూ పుస్తకాల భాషే మాట్లాడతాను. ఆ రోజు ఇంటి భాష వచ్చింది. "అవ్వ చెప్పింది నిజం. నాలుగు ఊదుబత్తీలు. పెట్టె షురూ కాకముందే ముట్టిచ్చింది. నేను ఆ కొసకు నిలబడి చూసిన. అయినంక తీసి గోడ అవతల పారేసింది గూడ నేనే."

గోడ అవతలికి వెళ్లి మట్టిముద్ద నేనే తెచ్చాను. సగం కాలిన పుల్లలు ఇంకా గుచ్చుకునే ఉన్నాయి. బల్ల మీద పెట్టాను. క్రషర్ యజమాని వంగి వాటిని చూసి వెనక్కి జరిగాడు.

అవ్వ నా దగ్గరికి వచ్చింది. తిట్టలేదు. అర్థం కాని లెక్కను మళ్లీ అడిగే పిల్లలా అడిగింది. "చూసినవా సారూ? చూసి ఊకున్నవా?"

అవునని తలూపాను. ఎందుకు అని ఆమె అడగకపోవడం నా అదృష్టం.

వాడు నా వైపు చూడలేదు. పెట్టెను తుడిచి, గొట్టానికి మళ్లీ ఆ తెల్లమూత బిగించాడు. "సార్, ఒక గంట క్రషర్ బంద్ చేయించుండ్రి. దుమ్ము కిందికి దిగినంక మల్ల తీస్త. ఆ తర్వాత నడిపిచ్చుండ్రి, మల్ల తీస్త. మీరు ఇక్కన్నే ఉండుండ్రి" అన్నాడు. ఎమ్మార్వో చేతి గడియారం చూసుకుని, నా వైపు ఒకసారి చూసి, సరేనన్నాడు.

మధ్యాహ్నానికి ఆ రెండు లెక్కల చీటీలూ వచ్చాయి. క్రషర్ ఆగినప్పుడు రెండు వరుసలూ కిందికి పడ్డాయి. నడవగానే పెద్ద కణాల వరుస ఎన్నో రెట్లు లేచింది. చదువు రానివాళ్లకు కూడా అంకెల పొడవు చూస్తే తెలిసిపోయింది. బడి వేళల్లో క్రషర్ నడపకూడదని, దారి మీద నీళ్లు చల్లాలని ఎమ్మార్వో అక్కడే రాయించాడు. జనం వాణ్ని చుట్టుముట్టారు. సర్పంచి ఎక్కడి నుంచో శాలువా తెప్పించాడు. ఆ శాలువా ముందే తెప్పించి పెట్టారని, మడత చూస్తే తెలుస్తోంది.

నేను తప్పు ఒప్పుకున్నందుకు అసూయ కడుక్కుపోయిందని రాస్తే చదివేవాళ్లకు బాగుంటుంది. అలా జరగలేదు. చెట్టు కింద ఒంటరిగా నిలబడి ఆ శాలువాను చూస్తూ, నా ఒప్పుకోలు కూడా చివరికి వాడి పెట్టెకు సాక్ష్యంగానే పనికొచ్చిందే అని కుళ్లుకున్నాను. పొగను పొగగా, రాతిపొడిని రాతిపొడిగా విడదీసి చెప్పింది అది. నేను పట్టుబడ్డానంటే అది అంత మంచి యంత్రం అన్నమాట. కావాలని చెడగొట్టినా తన లెక్కలో ఎక్కడో నిజం మిగిల్చుకుంది. ఆ మాట ఒప్పుకోవడం ఊరి ముందు ఒప్పుకోవడం కన్నా కష్టంగా ఉంది.

కారు దగ్గర వాణ్ని కలిశాను. "తప్పయింది తమ్మీ" అన్నాను.

వాడు పెట్టెను వెనక సీటులో పెట్టి, దాని చుట్టూ శాలువా చుట్టాడు, కుదుపులకు దెబ్బ తగలకుండా. శాలువాకు వాడిచ్చిన విలువ అంతే. అప్పుడు నా వైపు తిరిగాడు.

"అన్నా, నా మీద కోపముంటే నాకు చెప్పాలె. నన్ను నాలుగు తిట్టాలె. ఆ పోరగాండ్లు ఏం చేసిండ్రు నీకు?"

ఇన్నేళ్ల స్నేహంలో వాడు నాతో అంత గట్టి మాట ఎప్పుడూ అనలేదు. వాడు కారెక్కి మొయినాబాద్ వైపు పోయాడు. తర్వాత కూడా ఫోన్లు చేశాడు, మా ఇంటికి వచ్చాడు, వదిన చేతి చాయ్ తాగాడు. పెట్టెను మాత్రం మళ్లీ మా ఇంట్లోకి తేలేదు. కారులోనే ఉంచి, తాళం వేసి వచ్చేవాడు.

సోమవారం నుంచి తొమ్మిదింటికి క్రషర్ ఆగేది. మొదటి రోజు ఆ నిశ్శబ్దంలో పాఠం చెబుతుంటే నా గొంతు నాకే మరీ పెద్దగా వినబడి, తగ్గించుకున్నాను. ఎనిమిదో తరగతిలో దగ్గు వెంటనే పోలేదు, పలచబడింది. మధ్యాహ్నం అవ్వ అన్నం వడ్డిస్తుంటే పళ్లెం పట్టుకుని వరుసలో నిలబడ్డాను, మాస్టర్లం కూడా పిల్లలతోనే తినేవాళ్లం. ఆమె గరిటె ఆపి నా ముఖంలోకి చూసింది.

"ఇంకెప్పుడన్న గిట్లాంటిది చూస్తే, చెప్తవా సారూ?"

"చెప్త అవ్వా."

ఆమె వెంటనే నమ్మలేదు. నమ్మనవసరం లేదని ఇన్నేళ్లూ వాళ్లకు చెప్పింది నేనే.

"చూద్దాం తియ్యి" అని పప్పు పోసి, నా వెనకున్న పిల్లను ముందుకు రమ్మంది.